మంట పోయిందంటే నరం బాగుపడినట్లేనా?

మా నాన్నగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మా మామగారు జనరల్ మెడిసిన్ వైద్యులు. నాన్నగారికి షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. గత ఎనిమిది నెలల్లో ఆయన అన్నం బాగా తగ్గించి 84 కిలోల నుంచి 71 కిలోలకు వచ్చారు. మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 8.9 నుంచి 6.3కు దిగింది. రాత్రిళ్లు నిద్రపోనివ్వని అరికాళ్ల మంటలు దాదాపుగా పోయాయి. ఇక మందులన్నీ మానేస్తానని ఆయన అనడంతో, సంక్రాంతికి వచ్చిన మామగారికీ ఆయనకీ వాదం మొదలైంది. ఇద్దరి అనుమతితోనూ దానిని ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారు: బావగారూ, బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్‌ల బృందం ‘డైరెక్ట్’ అనే అధ్యయనం చేసి 2017లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు 825 నుంచి 853 కేలరీల ద్రవాహారం మూడు నుంచి ఐదు నెలలపాటు ఇచ్చి, ఆ తరువాత మెల్లగా మామూలు భోజనానికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి 149 మందిలో 68 మందికి, అంటే 46 శాతానికి, మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, ఆ పైన తగ్గినవారు 36 మంది ఉంటే, వారిలో 31 మందికి వచ్చింది. తొమ్మిదేళ్లుగా నేను డాక్టర్ల చుట్టూ తిరిగాను, ఒక్కరూ ఈ లెక్క చెప్పలేదు. తీపి మానండి అన్నారే తప్ప, రెండు పూటలా కంచం నిండా నేను తినే అన్నం సంగతి ఎవరూ అడగలేదు.

డాక్టరు గారు: ఆ తప్పు మా వైద్యులది, నేను కాదనను. చీటీ రాసే సమయంలో సగమైనా కంచం గురించి అడిగి ఉంటే ఎందరికో మేలు జరిగేది. అయితే మీరు చెప్పిన అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటినవారిని చేర్చుకోలేదు. కాలేయంలోనూ క్లోమంలోనూ పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ తయారుచేసే కణాలు తేరుకుంటాయి, కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేరుకునే శక్తి సన్నగిల్లుతుంది. పైగా రెండో ఏటికి ఆ 46 శాతం 36కు తగ్గింది. తగ్గిన బరువు తిరిగి వస్తే షుగరూ తిరిగి వస్తుంది.

మాస్టారు: నా 6.3 మాట ఏమిటి మరి?

డాక్టరు గారు: మీరు షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు కదా. మందు ఆపి కనీసం మూడు నెలలు గడిచాక కూడా 6.5 కంటే తక్కువ ఉంటేనే వ్యాధి వెనక్కి తగ్గినట్లు లెక్క. అదీగాక మూడో నెలలో ఒకనాటి తెల్లవారుజామున మీకు చెమటలు పట్టి, చేతులు వణికి, వదినగారు చక్కెర నీళ్లు తాగించారు. అన్నం తగ్గించి, ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచే గ్లిమెపిరైడ్ మాత్రను మాత్రం పాత మోతాదులోనే వేసుకోవడం వల్ల షుగర్ పడిపోయింది. ఆ మాత్రను తగ్గించవలసింది ఆహారం మార్చిన రోజున, పడిపోయిన తరువాత కాదు. రోజూ మీతో నడిచే మిత్రులు మీ మాట విని ఇన్సులిన్ మానేస్తే వారి గతి ఏమిటి? ఎక్కువగా చిన్నతనంలో వచ్చే మొదటి రకం మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఆగితే ప్రాణాపాయం.

మాస్టారు: ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఇక ముందు చెప్పను కూడా. అయితే మంటల సంగతి వేరు. నిద్ర మాత్రలా మత్తుగా ఉంచే ప్రీగాబాలిన్ రెండేళ్లు వాడినా మంటలు సగమే తగ్గాయి. ఇప్పుడు పెసరట్టు, శనగలు, ఆకుకూర పప్పు, మజ్జిగ, ఒక్క చిన్న గిన్నెడు అన్నంతో అవి పోయాయి. దుప్పటి అంచు తగిలితే నిప్పు తగిలినట్లు ఉండే పాదాలు ఇవి! దీనికీ అధ్యయనాలున్నాయి. 2006లో అమెరికాలో, మధుమేహానికి ముందు దశలోనే నరాలు దెబ్బతిన్న 32 మందికి ఆహారం, వ్యాయామం మార్చి ఏడాది తరువాత చర్మపు ముక్క తీసి చూస్తే, సన్నని నరాల పోగులు కొంత తిరిగి పెరిగాయి. 2015లో నూనె తగ్గించిన శాకాహారంతో 20 వారాల్లో నొప్పి తగ్గిందని మరొకరు చూపారు.

డాక్టరు గారు: ఆ రెండింటినీ నేను గౌరవిస్తాను. కానీ రెండోదానిలో ఉన్నది 35 మందే, ఆహారం మార్చిన జట్టుకూ మార్చని జట్టుకూ కూడా బీ12 విటమిన్ ఇచ్చారు. మీరు మాంసం తినరు, తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆ మాత్ర బీ12ను తగ్గిస్తుంది, బీ12 లోపమూ ఇలాంటి మంటలనే తెస్తుంది. మీరు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నారా?

(నాన్నగారు నా వైపు చూశారు. చేయించలేదు. తీసుకువెళ్లవలసింది నేను కూడా, ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి.)

డాక్టరు గారు: అమెరికాలోనే 5,145 మందితో ‘లుక్ అహెడ్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. బరువు తగ్గిన జట్టులో తిమ్మిర్లు, మంటల ఫిర్యాదులు తగ్గాయి, కానీ వైద్యులు పాదాలను పరీక్షించి చూస్తే తేడా పెద్దగా కనిపించలేదు. నా భయమంతా అక్కడే ఉంది. వెన్ను నుంచి కాలి వేళ్ల దాకా వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి, అందుకే ముందు దెబ్బతినేవి అవే. మంట ఆగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. నరం తేరుకొని ఉండవచ్చు, లేదా మంటను మోసే నరమే చచ్చిపోయి ఉండవచ్చు. మనిషికి రెండూ ఒకేలా హాయిగా ఉంటాయి. నరం చచ్చిపోయినవారికి మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడి చీము పట్టాక ఇంట్లోవాళ్లు వాసన పట్టి చూస్తారు.

మాస్టారు: నా నరం తేరుకున్నదే. నడక తేలికైంది, పట్టు చిక్కింది. నా ఒళ్లు నాకు తెలియదా?

డాక్టరు గారు: మొన్న గుడి మెట్ల దగ్గర కుడి కాలి చెప్పు జారిపోయి పది అడుగులు నడిచారు. పిల్ల చెబితే గానీ వెనక్కి చూడలేదు.

మాస్టారు: జనంలో గమనించలేదు.

డాక్టరు గారు: కావచ్చు. మీ ఆహారాన్ని మాన్పించాలని నాకు లేదు, దానిని జీవితాంతం నిలుపుకోవాలనే నా కోరిక. ప్రీగాబాలిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిద్దాం, మెట్‌ఫార్మిన్ సంగతి తరువాత చూద్దాం. ముందు కాళ్లు చాపి కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా ‘ఊఁ’ అనండి.

మామగారు సంచిలోంచి సన్నని నైలాను దారం ఉన్న పుల్ల తీశారు. వంగేలా నొక్కితే సరిగ్గా పది గ్రాముల బరువు పడే దారం అది. ఎడమ బొటనవేలి కింద ఆనించారు, నాన్నగారు వెంటనే ‘ఊఁ’ అన్నారు. ఎడమ పాదం మీద మరో రెండు చోట్ల కూడా అన్నారు, గొంతులో గెలుపు వినిపించింది. తరువాత మామగారు కుడి కాలి వైపు జరిగారు. బొటనవేలి కింద దారం వంగింది, లేచింది. మళ్లీ వంగింది. మూడోసారి వంగి ఉండగా, నాన్నగారు కళ్లు మూసుకునే ఓపికగా అడిగారు: “కుడి కాలు ఎప్పుడు మొదలుపెడతారు బావగారూ?”