పదిహేను రోజులు తగ్గిస్తే విమానాలు వచ్చేస్తాయా?
తైవాన్‌కు ఆయుధాలు అమ్మేముందు అమెరికా కాంగ్రెస్‌కు ఇవ్వాల్సిన నోటీసు గడువును 30 రోజుల నుంచి 15కి తగ్గించి, నాటో దేశాలు, జపాన్, ఇజ్రాయెల్ వరసలో తైవాన్‌నూ కూర్చోబెట్టే బిల్లట, బాగానే ఉంది. కానీ ఆలస్యం జరిగేది అక్కడ కాదండీ. 2019లో అమెరికా సరే అన్న 66 కొత్త ఎఫ్-16 యుద్ధ విమానాల్లో మొదటిది తైవాన్ చేతికిచ్చింది 2025 మార్చిలో! అన్నేళ్లు పట్టిన చోట పదిహేను రోజులు మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత?

మాది ఎల్బీ నగర్. పొద్దున్నే ఆదిబట్ల వైపు పోయే కంపెనీ బస్సుల్లో సగం మంది కిటికీకి తల ఆనించి నిద్రపోతూ కనిపిస్తారు, అమెరికా వాళ్ల అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది అటే మరి. అంత దగ్గర్లో తయారీ ఉండి కూడా మన ఆర్మీ 2020లో ఆర్డరిచ్చిన ఆరు అపాచీల్లో మొదటి మూడు దిగేసరికి 2025 జులై అయింది, డబ్బులిచ్చిన మనకే ఈ గతి.

అలాగని బిల్లు వద్దనను, చైనా ఓడలు తైవాన్ చుట్టూ తిరుగుతుంటే ఒక్క రోజు తగ్గినా మేలే. కాకపోతే ఫ్యాక్టరీలు పెంచడానికి డబ్బు ఎవరు పెడతారో కూడా అందులోనే రాయమనండి, అప్పుడు నమ్ముతా.