ఆటో స్టార్టర్ గారి నీటి తీర్పు

యాసంగి మొక్కజొన్నకు తడి ఎప్పుడివ్వాలన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు అనవసరంగా జటిలం చేశారు. మన ఊళ్లలో మోటారు పెట్టెలో కూర్చుని, కరెంటు రాగానే బోరును తనంతట తానే నడిపించే శ్రీమాన్ ఆటో స్టార్టర్ గారు దాన్ని ఎప్పుడో తేల్చేశారు. కరెంటు వచ్చిందా, పైరుకు దాహం వేసినట్టు. పోయిందా, తీరినట్టు.

సాయంత్రం అకాల వాన గంటసేపు దంచి కొడుతుంది. సాళ్లు నిండి, గట్లు తెగుతాయి. రాత్రి రెండింటికి కరెంటు వస్తుంది. పెట్టెలో టక్కుమని చప్పుడు. వారు నిర్ణయం తీసుకున్నారన్నమాట! పైనుంచి పడ్డ వాన చాలదన్నట్టు పక్కనుంచి బోరు. చేను గలాయన ముసుగు తన్ని పడుకున్నాడు. అంత పెద్ద అధికారి డ్యూటీలో ఉండగా లేవడం మర్యాద కాదు. మూడింటికి కరెంటు పోయి మూడుంబావుకు వస్తే, వారు కేసు పునఃపరిశీలించి మళ్లీ దాహమేనని తీర్పిస్తారు. వారం తిరిగేసరికి వేళ్లకు గాలాడక, నత్రజని కిందికి కొట్టుకుపోయి ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇంకో యూరియా బస్తా చల్లుతారు. ఆ రాత్రే వారు దాన్నీ కడిగేస్తారు.

వారితో పోటీకి ఒక మొరటు పద్ధతి ఉంది. మొక్కల వరస పక్కన పలుగుతో జానెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి తీసి పిసకాలి. పైన రెండంగుళాలు ఎండినంత మాత్రాన అడుగున పదును పోయినట్టు కాదు. చెలక (ఇసుక పాలున్న తేలిక నేల) మట్టి ఉండ కట్టి, వేలు తగలగానే చిట్లిపోతే తడి వేళైంది. రేగడి (బరువైన నల్ల నేల) అయితే బొటనవేలితో నొక్కినప్పుడు పట్టీలా సాగినంతసేపు ఆగొచ్చు. మధ్యాహ్నం ఆకు చుట్టుకుంటే కంగారు వద్దు. తెల్లారినా విప్పుకోలేదంటే ఆలస్యమైనట్టే. పైన జల్లు (మగ పూత), కండెకు పీచు వేసే రోజుల్లో మాత్రం అంతదాకా చూడకూడదు.

లెక్క కావాలా? చెలకలో రెండడుగుల లోతున పైరుకు అందే నీరు సుమారు 60 మిల్లీమీటర్లు. అందులో సగం వాడుకోగానే తడివ్వాలి. రోజుకు 5 మిల్లీమీటర్లు తాగే పైరుకు అది ఆరు రోజులకు సరి. రేగడిలో దాదాపు రెట్టింపు రోజులు. 30 మిల్లీమీటర్లంటే ఎకరాకు 1.2 లక్షల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లిచ్చే బోరుకు 12 గంటల పని. తర్వాత ఆపాలి. ఈ 'ఆపాలి' అన్న మాటే వారి శాస్త్రంలో లేదు.

మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో ముల్లుతో చూపే టెన్షియోమీటర్లున్నాయి కదా అంటారా? చెలకలో భేషుగ్గా పనిచేస్తాయి. రేగడి ఆరి ముల్లు 80 సెంటిబార్లు (ఆ పట్టును కొలిచే ప్రమాణం) దాటితే లోపలికి గాలి చొరబడుతుంది. మళ్లీ నీళ్లు నింపేదాకా అది చెప్పేది అబద్ధమే.

అర్ధరాత్రి కరెంటిచ్చి, పాములకూ తెగిన తీగలకూ రైతును బలిచ్చిన రోజుల్లో ప్రాణం కాపాడుకోవడానికి తగిలించుకున్న పెట్టె ఇది. ఆ పాపం రైతుది కాదు. కానీ తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఈ ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే మొత్తుకుంది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, ఎండేది మళ్లీ మన పైరే. బండ పగుళ్లలో ఉన్న నాలుగు చుక్కలే ఊరందరి బోర్లకూ దిక్కు. పక్క చేనాయన బోరు ఎండి, వడ్డీకి తెచ్చి ఇంకోటి వేయిస్తుంటే, ఎవడబ్బ సొమ్మని వానలో పారబోస్తున్నారు? మీట మాన్యువల్‌కు తిప్పండి. అదీ చేతకాకపోతే పెట్టెలోంచి పీకి పారేయండి.