ఖాళీ బండి లోడు లెక్క

నీళ్లు రాని కాలనీ గురించి పత్రికలు రాస్తాయి. కరెంటు పోయిన వీధి గురించి ఫొటోతో సహా వేస్తాయి. కానీ 30 లక్షలు పోసి పికప్ ట్రక్కు కొన్న కుటుంబం, దాని వెనక తొట్టిలో వేయడానికి ఏమీ దొరక్క పడే క్షోభ గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. హైదరాబాద్‌లో ఈ బాధితుల సంఖ్య పెరుగుతోందని నా అనుమానం. మా ఇంట్లోనే ఒకడున్నాడు.

ఒకప్పుడు పికప్ అంటే మార్కెట్‌కి కూరగాయలు తోలే బండి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ 2016లో, టయోటా హైలక్స్ 2022లో వచ్చాక అది హోదాగా మారింది. మా బావమరిది ఉండేది నల్లగండ్ల, ఉద్యోగం హైటెక్ సిటీ. రోజూ మోసుకెళ్లేది ఒక ల్యాప్‌టాప్, ఒక టిఫిన్ డబ్బా. అందుకని పికప్ కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, పాపం బండి తప్పేమీ లేదు.

చాలా పికప్‌లకి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఉంటాయి. ఆ పట్టీలు బరువు మోయడానికి పుట్టినవి. బరువు లేకపోతే వంగవు, వంగకపోతే బండి వెనక భాగం ఎగురుతుంది. ఇది జబ్బు కాదు, స్వభావం. కానీ మావాడు నెల తిరక్కుండానే "బావా, కంపెనీ ఇచ్చిన స్టాక్ సస్పెన్షన్ వేస్ట్, మార్చాలి" అన్నాడు. టైర్లలో గాలి చూశావా అని అడిగాను. ఖాళీ బండికి ఎంత, లోడు బండికి ఎంత పెట్టాలో డోరు పక్కన స్టిక్కర్ మీద కంపెనీవాళ్లే రాస్తారు. ఇతను లోడు బండికి చెప్పిన గాలి పెట్టుకుని తిరుగుతున్నాడు. ఉచితంగా తీరిపోయే సమస్య అంటే మా ఇంట్లో ఎవరికీ గౌరవం లేదు కాబట్టి ఆ చర్చ అక్కడితో ముగిసింది.

బాలానగర్ వైపు ఒక షెడ్డుకి వెళ్లాం. మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఖాళీ తొట్టిలోకి తొంగి చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, బండి మీద పర్మనెంటుగా లోడెంత ఉంటది? అప్పుడప్పుడు ఏసేది కాదు, రోజూ ఉండేది."

సస్పెన్షన్ ఎంపిక అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కంపెనీని బట్టి అంకెలు మారినా, స్ప్రింగులు దాదాపు మూడు తరగతులుగా అమ్ముతారు. ఖాళీ బండికి ఒకటి, 300 కిలోల లోపు లోడుకి ఒకటి, అంతకు మించి ఎప్పుడూ మోసేదానికి ఒకటి. నిజం చెబితే సరైన స్ప్రింగు వస్తుంది. మావాడి నిజం ఏమిటంటే, నెలకో 26 కిలోల సోనా మసూరి బస్తా, మే నెలలో ఆవకాయ జాడీలు. కానీ మెకానిక్ ముందు ఆ మాట చెప్పడానికి నోరు రావాలిగా.

"300 పైనే," అన్నాడు.

పెళ్లిచూపుల్లో జీతం అడిగితే చేతికొచ్చేది కాకుండా సీటీసీ చెప్పే కుర్రాళ్లను చూసుంటారు. ఇదీ అదే. అందులో భవిష్యత్తులో కొనబోయే స్టీల్ బంపర్ ఉంది, ఇరుక్కున్న బండిని లాగే వించ్ ఉంది, టాప్ మీద టెంట్ ఉంది, చిన్న ఫ్రిజ్ ఉంది, వెరసి మొత్తం లడఖ్ ఉంది. ఇంతవరకు వాళ్లు వెళ్లిన దూరప్రయాణం అనంతగిరి కొండలు. అదీ పార్కింగ్ కష్టమని వాళ్లావిడ చిన్న కారులో.

మెకానిక్ ఎదురు చెప్పలేదు. హెవీ పట్టీలు ఎక్కించాడు, రెండంగుళాలు లిఫ్ట్ చేశాడు. ఎగురుతోందని వెళ్లి అంతకన్నా ఎగిరేది వేయించుకొచ్చాం. ఎత్తు పెరిగేసరికి ముందు చక్రాల క్యాస్టర్, అంటే స్టీరింగ్‌ని నిటారుగా నిలబెట్టే వాలు, తగ్గి, ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ వెతుక్కోవడం మొదలెట్టింది. అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోలేదు, చక్రాన్ని పైనుంచి పట్టుకునే అప్పర్ కంట్రోల్ ఆర్మ్స్ కూడా మార్చాలన్నారు. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి లేచాయి, వాటిని దించాల్సి వచ్చింది. మా అత్తగారు బండెక్కడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు శాశ్వతంగా కేటాయించాం. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ అనేదొకటి ఉందని, కంపెనీ ఇచ్చిన కొలతలు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని నేను గుర్తు చేస్తే, "బావా, నెగటివ్‌గా మాట్లాడకు" అన్నాడు.

మొదటి వారమే ప్రమాదం జరిగింది. ఉప్పల్‌లో అత్తగారింటి నుంచి వాసెన కట్టిన ఆవకాయ జాడీ తొట్టిలో పెట్టుకుని వస్తున్నాం. ఒక స్పీడ్‌బ్రేకర్ దగ్గర వెనక నుంచి ఠప్పున శబ్దం. దిగి చూస్తే వాసెన గుడ్డ ఒక మూల, మూత ఇంకో మూల, తొట్టినిండా ఎర్రటి నూనె. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ దారిలోది మిగిలిపోయిన కాంక్రీటుతో ఎవరో కోపంగా వేసినట్టుంది. అత్తగారు ఏమీ అనలేదు. ఖాళీ జాడీ వైపు మాత్రం చాలాసేపు చూశారు.

తర్వాతి దశ షాకప్‌లు. బరువు మోసేది స్ప్రింగు, ఎగిరిన స్ప్రింగు ఊగుతూ ఉండకుండా పట్టుకునేది షాకప్. ఈ తేడా తెలియకుండా నగరంలో ఎంత డబ్బు ఖర్చయిందో దేవుడికే తెలియాలి. స్ప్రింగు కింద రింగు తిప్పి ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే నొక్కి ఉంచడం, పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు వాదిస్తారు. బండి లేస్తుందంతే, అదే స్ప్రింగు. స్టూలెక్కినంత మాత్రాన మనిషికి కండ పెరగదు.

మావాడు నాబ్ తిప్పితే టిక్కు టిక్కుమనే ఖరీదైన షాకప్‌లు తెచ్చాడు. పద్ధతి నిజానికి మంచిదే. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టాలి. ఒకసారికి రెండు క్లిక్కులే మార్చి, అదే రోడ్డు మీద, అదే స్పీడులో నడిపి, పుస్తకంలో రాసుకోవాలి. రీబౌండ్, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాకప్ పట్టే పట్టు, మరీ బిగిస్తే చక్రం కిందికి దిగేలోపే రెండో గుంత వచ్చేస్తుంది, మరీ వదిలేస్తే బండి పడవలా తేలుతుంది. అన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టాడు. చిక్కల్లా "అదే రోడ్డు" దగ్గర వచ్చింది. సోమవారం టెస్ట్ చేసిన రోడ్డుని బుధవారం పైపులైను కోసం తవ్వారు. శుక్రవారం మట్టి పోశారు. ఆదివారం వాన. సైన్సుకి హైదరాబాద్ అంతగా సహకరించే ఊరు కాదు.

చివరికి మెకానిక్కే జాలిపడి దారి చూపించాడు. "వెనక ఏదన్నా బరువేసి చూడుండ్రి సార్." నాలుగు ఇసుక బస్తాలు వేశాం, ఒక్కోటి 50 కిలోలు. అంతే! బండి మెత్తగా, హుందాగా, పల్లకీలా నడిచింది. చెప్పిన అబద్ధాన్ని ఇసుకతో చాలావరకు నిజం చేశాం. అప్పటి నుంచి ఆ 200 కిలోలు హైటెక్ సిటీకి రోజూ ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాయి. వానాకాలంలో తడిసి ఇంకాస్త బరువెక్కుతాయి కాబట్టి జూన్ నుంచి వెనక రీబౌండ్ రెండు క్లిక్కులు బిగిస్తాడు.

పోయిన నెల మా మామగారు ఉప్పల్ నుంచి నిజాంపేటకి ఇల్లు మారారు. ఎట్టకేలకు లోడు దొరికిందని నేను సంబరపడ్డాను.

"నీ బండి తేరా, బీరువా వేద్దాం," అన్నారాయన.

"చోటు లేదు నాన్నా, ఇసుకుంది. తీస్తే సెట్టింగ్ మొత్తం పోతుంది."

ఛోటా హాథీని పిలిపించారు. డ్రైవర్ బీరువా, మంచం, వాషింగ్ మెషీన్ ఎక్కించి, పైన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి తాడు బిగిస్తున్నాడు. మావాడు ఉండబట్టలేక, షాకప్‌లు ఏ కంపెనీవని అడిగాడు.

"ఏమో సార్, కింద ఉంటయ్," అని డ్రైవర్ బండెక్కాడు.

అత్తగారు కొత్త ఆవకాయ జాడీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. మావాడు పికప్ డోరు తీసి స్టూలు వేశాడు. ఆవిడ పక్కనుంచి నడిచి వెళ్లి, జాడీని ఛోటా హాథీ డ్రైవర్ పక్క సీట్లో పెట్టి, దానికి తన కొంగుతో చేసిన చుట్టకుదురు సర్దారు.