ఆ స్కాలర్‌షిప్ డబ్బు మురిగిపోవడం లేదు

నెల రోజులుగా సిటీలో ఆటలాడే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "అమెరికా కాలేజీల్లో ఆటగాళ్ల కోసం చారిటీ ఫౌండేషన్ల దగ్గర కోట్ల డాలర్లు ఉన్నాయి. అడిగేవాళ్లు లేక ఏటా మురిగిపోతున్నాయి. మీ పిల్లలు ఏ ఆట ఆడినా సరే, నాలుగేళ్ల చదువు, తిండి, హాస్టల్ అంతా ఫ్రీ. ముందు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. స్కాలర్‌షిప్ వచ్చాక అందులో పది శాతం ఇస్తే చాలు" అని దాని సారాంశం.

నేను సికింద్రాబాద్ వైపు పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. మొన్న ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక ఒక తల్లి ఈ మెసేజ్ చూపించి, "సార్, పాప చదువు కోసం ప్లాటు అమ్మకానికి పెట్టాం. ఇది నిజమైతే ఆపేస్తాం" అన్నారు. ఒక మెసేజ్‌ని నమ్మి ఇంత పెద్ద నిర్ణయాలు తీసుకుంటున్నారని తెలిశాక ఊరుకోలేకపోయాను. ఆవిడకు అక్కడ నిలబడి చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మురిగిపోతున్న డబ్బు సంగతి. అక్కడ చాలా యూనివర్సిటీలకు ఆటల కోసమే విడిగా చారిటీ సంస్థలున్న మాట నిజం. సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీకి ఐప్టే అని ఒకటుంది, 1934లో పెట్టారు. "నేను ఏడాదికి పది ఇస్తాను" అని అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటల్లోంచి ఆ పేరు వచ్చింది. పది అంటే పది డాలర్లు. అభిమానుల దగ్గర చందాలు పోగేసి కాలేజీ ఆటగాళ్ల స్కాలర్‌షిప్పులకు, ఆటల ఏర్పాట్లకు ఇస్తుంది. ఇలాంటి సంస్థలకు వచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి ఏటా వచ్చే చందా, అది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. రెండోది మన గుళ్లలో శాశ్వత పూజకు కట్టే డబ్బు లాంటిది. అసలు కరగనివ్వరు, ఏటా అందులో నాలుగైదు శాతం మాత్రమే తీసి వాడతారు. ఒక దాత టెన్నిస్ స్కాలర్‌షిప్ కోసం 5 లక్షల డాలర్లు ఇచ్చాడనుకోండి. నాలుగు శాతం లెక్కన ఏడాదికి చేతికొచ్చేది 20,000 డాలర్లు. పేరున్న ప్రైవేటు కాలేజీలో ఒక్క అమ్మాయి ఏడాది ఖర్చులో అది సగం కూడా కాదు. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం ఆ 5 లక్షలూ వాడకుండా పడి ఉన్నట్టే కనిపిస్తాయి.

పైగా ఆ చందాలన్నీ ఉత్త దానం కాదు. పెద్ద చందా ఇచ్చినవాళ్లకు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మంచి సీట్లు కొనుక్కునే హక్కు, దగ్గర్లో పార్కింగ్ దొరుకుతాయి. సీట్ల హక్కు కోసం ఇచ్చిన చందాలో 80 శాతానికి ఒకప్పుడు పన్ను మినహాయింపు ఉండేది. 2017 చివర్లో చేసిన చట్టంతో 2018 నుంచి దాన్ని తీసేశారు. స్టేడియాలకు, జిమ్‌లకు కూడా ఈ చందాల్లోంచే పోతుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఫౌండేషన్‌కి మనం పెట్టుకునే దరఖాస్తు అంటూ ఏదీ లేదు. సంస్థ డబ్బును యూనివర్సిటీకి ఇస్తుంది. జట్టులో ఎవరికెంత అన్నది కోచ్ తేలుస్తాడు, దాన్ని కాగితం మీద పెట్టేది కాలేజీ వాళ్లు. చారిటీ కింద ఇచ్చి పన్ను మినహాయింపు తీసుకునే దాత కూడా ఫలానా పిల్లకే ఇవ్వండి అనడానికి వీల్లేదు. దాతకే లేని అధికారం అమీర్‌పేటలో ఆఫీసు తెరిచిన ఏజెంట్లకు ఎక్కడి నుంచి వస్తుంది?

"ఏ ఆట ఆడినా" అన్నది శుద్ధ అబద్ధం. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపించే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని చాంపియన్‌షిప్పుల్లో క్రికెట్ లేదు, కబడ్డీ లేదు. మన ఊళ్లో ఇన్ని అకాడమీలున్న బ్యాడ్మింటన్ కూడా లేదు. టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్, అథ్లెటిక్స్ ఉన్నాయి, వాటిలో విదేశీ పిల్లలకూ స్కాలర్‌షిప్పులు వస్తాయి, అది నిజమే. కానీ ఎన్‌సీఏఏ కాలేజీల్ని మూడు డివిజన్లుగా విడదీస్తుంది. మూడో డివిజన్‌లో 400కు పైగా కాలేజీలున్నాయి, వాటిలో ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వరు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఎనిమిదీ అంతే, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి గానీ రాకెట్‌ని చూసి కాదు.

ఇక "అంతా ఫ్రీ". మొన్నమొన్నటి దాకా మొదటి డివిజన్‌లో అబ్బాయిల టెన్నిస్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే. వాటినే ఎనిమిది, పది మంది పంచుకునేవారు. ఆటగాళ్లు వేసిన కేసులో ఎన్‌సీఏఏతో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. ఇవ్వడానికి అడ్డు తొలగింది, అంతే. ఇవ్వడానికి డబ్బు ఉండాలిగా. అదే ఒప్పందం ప్రకారం కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా కూడా చెల్లించవచ్చు, అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్లకే పోతోంది.

నా దగ్గర ఆడి వెళ్లిన ఒకమ్మాయి తన ఆఫర్ లెటర్ నాకు చూపించింది. ట్యూషన్‌కి ఒక వరస, హాస్టల్‌కి ఒకటి, తిండికి ఒకటి, పుస్తకాలకు ఒకటి. స్కాలర్‌షిప్ అంకె ట్యూషన్‌లో సగం దగ్గరే ఆగిపోయింది. హెల్త్ ఇన్సూరెన్స్, విమానం టికెట్లు ఆ కాగితంలో లేనే లేవు. ఇది ఒక్క ఏడాదికే వర్తిస్తుందని కింద ఒక వాక్యం. దాని కింద వాళ్ల నాన్న పెన్సిల్‌తో రెండు గీతలు గీసి పెట్టుకున్నాడు. ఇంకోటి కూడా ఎవరూ చెప్పరు. హాస్టల్, తిండికని ఇచ్చే స్కాలర్‌షిప్ మీద అక్కడ పన్ను ఉంటుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా 14 శాతం పట్టుకుంటారు.

మెసేజ్‌లో నాకు ఒళ్లు మండే మాట చివరిది, "వచ్చాక పది శాతం". వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పని అయితేనే డబ్బు, మోసం ఎక్కడుంది అనిపిస్తుంది. కానీ ఎన్‌సీఏఏ నిబంధన సరిగ్గా దీన్నే వద్దంటుంది. పిల్లల వివరాలు, వీడియోలు కాలేజీలకు పంపిపెట్టే ఏజెంటుకు ఫీజు ఇవ్వొచ్చు. ఆ ఫీజు మాత్రం స్కాలర్‌షిప్‌తో సీటు ఇప్పించడం మీద ఆధారపడి ఉండకూడదు. అలా ఒప్పుకుంటే ఆ పిల్లకు ఆడే అర్హతకే ఎసరు. పదేళ్లు పొద్దున్నే ఐదింటికి లేచి ఆడిన ఆట, తల్లిదండ్రులు తెలియక పెట్టిన ఒక్క సంతకంతో పోవచ్చు. ఆ కాగితం మీ ముందు పెట్టినవాడు మాత్రం ఇంకో గ్రూపులో ఇదే మెసేజ్ పెట్టుకుంటూ ఉంటాడు.

ఇలాంటివాళ్ల దగ్గరకు జనం ఎందుకు వెళ్తారో కూడా నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో పాప పేరుతో ముప్పై మంది కోచ్‌లకు మెయిల్ పెడతారు, ఒక్క జవాబూ రాదు. మన వల్ల కాదని టెన్షన్ పడి ఏజెంటును పట్టుకుంటారు. టెన్నిస్‌లో మొదటి డివిజన్ కోచ్‌లు పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 వరకు పిల్లలతో రిక్రూట్‌మెంట్ మాటలు మాట్లాడకూడదని నిబంధన. జవాబు రాకపోవడం తిరస్కారం కాదు.

ఆ తల్లితో ప్లాటు గురించి తొందరపడొద్దన్నాను. పాప ఇప్పుడు పదో తరగతి. మెయిల్ ఎవరో కాదు, తనే రాయాలి. మార్కులు, యూటీఆర్ రేటింగ్ (టెన్నిస్‌లో ఆట స్థాయిని చెప్పే అంకె), ఆడిన టోర్నమెంట్లు, ఒక వీడియో ఉంటే చాలు. వచ్చే ఆదివారం రెండు సెట్లు ఆడిస్తాను. బేస్‌లైన్ వెనక కంచెకు ఫోన్ కట్టి, తప్పులు కూడా తీసేయకుండా మొత్తం రికార్డు చేస్తాం.