స్టెప్నీ వెనక కార్లో ఉంది

సైన్యానికి తిండీ డీజిలూ ఎవరు, ఎలా అందిస్తారో నెల రోజులుగా చదువుతున్నాను. చదివినవాణ్ణి ఊరుకోవచ్చుగా? రెండు కార్లలో కుటుంబమంతా ప్రయాణం పెట్టుకుంటే, ఆ విద్యంతా దానిమీద ప్రయోగించాను.

అమెరికా సైన్యంలో బ్రిగేడ్‌కి అండగా ఒక సపోర్ట్ బెటాలియన్ ఉంటుంది. అందులో తిండి, ఇంధనం, మందుగుండు మోసుకెళ్లేది ఒక కంపెనీ (వ్యాపారం కాదు, సైనికుల చిన్న దళం), బండ్లు బాగుచేసేది ఒకటి, వైద్యం చూసేది ఇంకొకటి. వీటన్నిటి పైనా హెడ్‌క్వార్టర్స్, అంటే నేను. ముందు వెళ్లే మా కారు సప్లై కంపెనీ. వెనక వచ్చే బావమరిది కారు రిపేర్ కంపెనీ. కాబట్టి మా డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ తీయించి అతని కార్లో వేయించాను. అత్తగారికి కారెక్కితే వాంతులు. ఆవిడ కూడా వెనక కార్లోనే, మెడికల్ కంపెనీ. డాక్టరూ ఆవిడే, పేషెంటూ ఆవిడే.

ఇక సామాన్లు. అక్కడ సరఫరాలను 10 తరగతులు చేసి రోమన్ అంకెలు వేస్తారు. ఒకటి తిండి, రెండు బట్టలూ వగైరా, మూడు ఇంధనం, తొమ్మిది స్పేర్ పార్టులు. నేనూ మార్కర్‌తో సంచుల మీద గీతలు గీశాను. అవే కొంప ముంచాయి.

సగం దారిలో మా టైరు పంచరైంది. పిల్లలు ఆకలంటే దర్జాగా ఒకటో నంబరు సంచి విప్పాను. సాక్సులు! మా ఆవిడ సంచి పట్టీని ఒక్క వేలితో పక్కకి జరిపింది. దానికింద రెండో గీత.

"ఏమండీ, మరి అసలు ఒకటోది?"

అది ఇంట్లో, గుమ్మం పక్కనే ఉంది. లిస్టులో మాత్రం టిక్కు పెట్టేశాను.

బావమరిదికి ఫోన్ చేస్తే, మెడికల్ కంపెనీ కోసం ఎక్కడో వెనక ఆగాడట. నిజానికి సైన్యం ఈ గొడవ ముందే ఊహించింది. పోరాడే బెటాలియన్ వెంటే మెకానిక్కులతో, ఇంధనం ట్యాంకర్లతో ఫార్వర్డ్ సపోర్ట్ కంపెనీ అని ఒకదాన్ని పంపే పద్ధతి పెట్టుకుంది. ఆ అధ్యాయం దగ్గర పేజీ మడిచి ఉంచాను, తిరిగొచ్చాక చదువుదామని.

రెండు గంటలకి బావమరిది వచ్చాడు. స్టెప్నీ దించాడు, జాకీ దించాడు, చెయ్యి చాపాడు.

"బావా, స్పానరేది?"

"రిపేర్ కంపెనీ నువ్వే కదయ్యా!" అని ఎగిరాను గానీ, అంతలోనే గుర్తొచ్చింది. ఆ పది తరగతుల లెక్కలో చేతి పనిముట్లు స్పేర్ పార్టుల్లోకి రావు, బట్టలతోపాటు రెండో తరగతిలోకి వస్తాయి. నేను లెక్క తప్పే మనిషిని కాను.

ఎవరివైపూ చూడకుండా సాక్సుల సంచి అడుగుకంటా చెయ్యి పెట్టాను.