రిజెక్షన్ మెయిల్‌కి గూఢార్థాలు అంటగట్టే ఆ చార్టు గురించి

ఉద్యోగం రాలేదని చెప్పే మెయిల్‌లో ప్రతి వాక్యం వెనకా ఇంకో అర్థం ఉంటుందంటూ ఒక చార్టు చాలాకాలంగా చేతులు మారుతోంది. ఎడమ పక్కన కంపెనీ రాసిన మాట, కుడి పక్కన 'అసలు అర్థం'. 'ఇంకా తగిన అభ్యర్థులు దొరికారు' అంటే మీ రెజ్యూమె ఎవరూ తెరవలేదట. 'మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం' అంటే బ్లాక్‌లిస్టులో పెట్టారట. 'ప్రస్తుతానికి' అని ఉంటే మళ్లీ అప్లై చేయమని సైగ. అర్ధరాత్రి వస్తే తీసేసింది యంత్రం. కారణం రాయలేదంటే ఆ పోస్టు ముందే ఎవరికో ఖాయమైపోయింది. చదవడానికి సరదాగానే ఉంటుంది, నమ్మితేనే తంటా.

అసలు తప్పు చార్టు పునాదిలోనే ఉంది. ఎవరో మన గురించి ఆలోచించి, పదాలు ఏరి ఏరి ఆ మెయిల్ రాశారని అది అనుకుంటుంది. నియామకాలు చూసే సహోద్యోగి పక్కన కూర్చుని ఓసారి ఆ పని చూశాను. అభ్యర్థి పేరు తెరిచి, తిరస్కరించే బటన్ నొక్కింది. కారణాల జాబితా వచ్చింది: అనుభవం చాలదు, జీతం కుదరలేదు, వేరొకరిని తీసుకున్నాం, పోస్టు రద్దు. అందులో ఒకటి ఎంచుకుంది. అది ఆఫీసు రికార్డు కోసం. ఆ తర్వాత మెయిల్ నమూనా. అక్కడ ఉన్నవి రెండే, ఇంటర్వ్యూకి ముందు పంపేది ఒకటి, తర్వాత పంపేది ఒకటి. పైన ఏ కారణం నొక్కినా కింద మెయిల్‌లో ఒక్క అక్షరం మారదు. జీతం దగ్గర బేరం తెగని మనిషికీ, పోస్టే రద్దయిపోయిన మనిషికీ వెళ్లేది అదే.

కాబట్టి 'ప్రస్తుతానికి'లో సైగ వెతకడం టికెట్టు వెనక అచ్చేసిన నిబంధనల్లో ప్రేమలేఖ వెతకడం లాంటిది. నేనూ వెతికినవాణ్నే. ఆ ఒక్క మాట పట్టుకుని ఆరు నెలలు ఆగి అదే చోట మళ్లీ అప్లై చేశాను. రెండోసారి వచ్చిన మెయిల్‌ను మొదటిదాని పక్కన పెట్టి చూస్తే, రెండో పేరాలో కామా తర్వాత పడిన అదనపు ఖాళీ కూడా అలాగే ఉంది.

'ఎవరూ తెరవలేదు' అన్నదాంట్లో సగం నిజముంది. దరఖాస్తు ఫారంలో ఈ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, కనీసం ఇన్నేళ్ల అనుభవం ఉందా అని అడుగుతారు. 'లేదు' అని కొడితే సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే పక్కన పెట్టేలా అమర్చుకోవచ్చు. అయితే ఆ సంగతి మెయిల్‌లోని వాక్యం బట్టి తెలియదు. చివరి రౌండు దాకా వెళ్లినవాళ్లకీ 'ఇంకా తగిన అభ్యర్థులు' అనే వస్తుంది. అప్లై చేసిన పది నిమిషాలకే జవాబు వస్తే మాత్రం అనుమానించాల్సింది ఆ ప్రశ్నలనే.

అర్ధరాత్రి సంగతికి పెద్ద వివరణ అక్కర్లేదు. పంపినవాళ్లది వేరే టైమ్ జోన్ కావచ్చు. పైగా గ్రీన్‌హౌస్ లాంటి నియామకాల సాఫ్ట్‌వేర్లలో నిర్ణయం ఇప్పుడు నమోదు చేసి, మెయిల్ తర్వాత వెళ్లేలా పెట్టుకోవచ్చు.

బ్లాక్‌లిస్టు మాటకొస్తే, వివరాలు ఎంతకాలం ఉంచుకోవాలన్నది చాలాచోట్ల చట్టం చెప్పే పని. అమెరికాలో సమాన ఉద్యోగావకాశాల నిబంధనల కింద ప్రైవేటు యజమానులు దరఖాస్తులను కనీసం 1 ఏడాది ఉంచాలి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం అవసరం తీరాక ఉంచుకోకూడదు. ఆ వాక్యం బెదిరింపు కాదు, హామీ అంతకన్నా కాదు. కొత్త పోస్టు పడితే పాత ఫైలు తవ్వేవాళ్లు తక్కువ. మళ్లీ అప్లై చేసుకోవడమే దారి.

కారణం రాయకపోవడం మీదే చార్టు ఎక్కువ పొరబడింది. జర్మనీ సంగతి చూడండి. 2006లో వచ్చిన సమాన అవకాశాల చట్టం ప్రకారం, వివక్ష జరిగిందనుకునే అభ్యర్థి తిరస్కరణ అందిన 2 నెలల్లోపు పరిహారం కోరాలి. వివక్షను సూచించే ఆధారాలు అభ్యర్థి చూపిస్తే, అది జరగలేదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. 'మాది కుర్రాళ్ల టీమ్, మీరు ఇమడరేమో' అని మంచి మనసుతో రాసిన ఒక్క ముక్క వయసు వివక్షకు ఆధారమైపోతుంది. అందుకే అక్కడ లాయర్లు పొడిపొడిగా రాయమంటారు. కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న చిన్న సంస్థలను వదిలేస్తే, బహిరంగంగా ప్రకటించిన పోస్టుకి ఇంటర్వ్యూ చేసినవాళ్లకి 45 రోజుల్లోపు నిర్ణయం అయిందో లేదో చెప్పాలి. ఆ చట్టం కూడా కారణం చెప్పమనదు. ముందే ఖాయమైన పోస్టులు లేవని కాదు, ఉంటాయి. వాటిని ఈ మౌనం పట్టివ్వదు, అంతే.

మెయిల్‌లో నిజంగా చూడాల్సింది ఒక్కటే. మీ గురించి తప్ప ఇంకెవరి గురించీ రాయలేని వాక్యం ఏదైనా ఉందా? 'మూడో రౌండులో మీరు వేసిన డిజైన్ బాగుంది, కానీ పెద్ద టీమ్‌ను నడిపినవారు కావాల్సి వచ్చింది' లాంటిది. ఉంటే అది మనిషి కూర్చుని రాసింది, ఆ రోజే రెండు ముక్కల్లో జవాబివ్వండి. లేకపోతే ఆ మెయిల్ ఏ అడ్రసు నుంచి వచ్చిందో చూడండి. చాలాసార్లు దానికి జవాబు రాసినా చేరదు.