వాన అక్కర్లేని పంట

అనంతపురం జిల్లా రైతు ఇంకా చెనక్కాయే పెడతానంటే నేనొప్పుకోను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే. ఎర్ర నేల, ఎండిన బోరు, బ్యాంకులో తాకట్టున్న పాసుబుక్కు. ఇలాంటి నేలకు ఏ పంట తగునో తేల్చడానికి రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నేను మా ఇంటి అరుగు మీద కూర్చునే తేల్చేశాను. ఆ పంట పేరు స్వామి.

స్వామికి వాన అక్కర్లేదు. అసలు వాన రాని ఏడాదే దిగుబడి ఎక్కువ. ఎరువు వేయనక్కర్లేదు, అడవి పందులు పడవు, కలుపు మొలిస్తే అదీ శిష్యుడైపోతుంది. ఇక పన్నుల సంగతి. పురుగుమందు డబ్బా కొంటే 18 శాతం జీఎస్టీ. హోమం చేసిపెట్టి పుచ్చుకునే దక్షిణ మీద సున్నా. సర్కారు ఏ పంటను వేసుకోమంటోందో ఇంతకంటే విడమరిచి చెప్పాలా?

మన సీమకు ఈ విత్తనం కొత్తదేమీ కాదు. కాకపోతే పాత రకాలు మార్కెట్‌కు పనికిరావు. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లె రవ్వలకొండ దగ్గర ఆవులు కాస్తూ కాలజ్ఞానం రాశారు. మనుషులను కాస్తే ఎంత గిట్టుబాటో ఆ కాలజ్ఞానానికి అందనట్టుంది. వేమన మరీ అన్యాయం. వచ్చిన గిరాకీని తిట్టి పంపించాడు. రాయికి మొక్కేవాణ్ణీ వదల్లేదు, బోడి చేయించుకున్నవాణ్ణీ వదల్లేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. జనం పోయి దానికీ మొక్కుతారు. మావాళ్ల భక్తి నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

పుట్టపర్తి మాట ఎత్తితే మాత్రం నా సిద్ధాంతానికి కొంచెం ఇబ్బంది. అక్కడి ట్రస్టు 1991లో కట్టిన పెద్దాసుపత్రిలో బిల్లు కౌంటరు లేదు. 1990ల్లోనే జిల్లాలో 700కు పైగా ఊళ్లకు ఆ ట్రస్టే తాగునీళ్లు తెచ్చింది. ప్రభుత్వం తేవాల్సిన నీళ్లు ట్రస్టు తెస్తే, జనం దండం ఎవరికి పెడతారు? కొత్త రకం స్వాములు ఈ కథ విన్నారు గానీ, వాళ్లకు ఆసుపత్రి గుర్తుండదు, ఊరి విమానాశ్రయమే గుర్తుంటుంది.

ఆధునిక సేద్యం చూద్దామని పోయిన మాఘంలో మా చిన్నాయనతో కలిసి ఒక శిబిరానికి వెళ్లాను. స్వామి పేరు చెప్పను, ఆయనకు మొక్కే పోలీసులూ ఉన్నారు. టికెట్ల ఏర్పాటు ముచ్చటగా ఉంది. 100 రూపాయలకు వెనకాల ప్లాస్టిక్ కుర్చీ. 500కు మధ్యలో జంపఖానా. 2,000కు స్వామి కాళ్ల దగ్గర ఉత్త నేల. డబ్బు పెరిగేకొద్దీ కిందికి దిగే వ్యాపారం నేను ఇంకెక్కడా చూడలేదు. "డబ్బు మట్టిరా నాయనా" అని స్వామి చెబుతుండగానే పాదపీఠం పక్కనున్న ఫోన్‌పే డబ్బా "రెండు వేల రూపాయలు అందాయి" అంది. వెనక వరుసలో ఒకావిడ అదీ మంత్రమే అనుకుని కళ్లకద్దుకుంది.

చిన్నాయన బాధ బోరు. అప్పటికి మూడు వేయించాడు. మూడింటికీ పాయింటు పెట్టింది ఒకాయనే. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, అది నిక్కి నిలబడిన చోట నీళ్లున్నట్టు. మొదటిది 450 అడుగులు, రెండోది 600, మూడోది 720. మూడింట్లోనూ లేచింది దుమ్మే. టెంకాయ మాత్రం మూడుసార్లూ నిలబడింది, నా కళ్లతో చూశాను. స్వామి అంతా విని, కాసేపు కళ్లు మూసుకుని, "నీళ్లున్నాయి. నీకే నమ్మకం చాలలేదు" అన్నారు.

ఈ పంట గొప్పతనం నాకు అప్పుడర్థమైంది. చెనక్కాయ పోతే నష్టం రైతుది. స్వామి మాట పోయినా నష్టం రైతుదే. ఇలాంటి బీమా ఏ కంపెనీ ఇస్తుంది? చాలని నమ్మకాన్ని చాలినంత చేసుకోవడానికి చిన్నాయన 11,000 పెట్టి హోమం చేయించి, నాలుగో బోరు దింపాడు. 780 అడుగుల దగ్గర రిగ్గు డ్రైవరే మొహమాటపడి ఆపేశాడు.

ఉగాది దాటాక ఆ స్వామి మనుషులు పక్క ఊళ్లో మూడెకరాలు కొని ఆశ్రమం మొదలుపెట్టారు. కట్టడానికి నీళ్లు కావాలి కదా. "స్వామోళ్లు బోరు ఏస్తాండారంట. పాయింటు స్వామే పెడతాడేమో, చూద్దాం పా" అని చిన్నాయన నన్ను బండెక్కించాడు. పోయి చూస్తే స్వామీ లేడు, టెంకాయా లేదు. అనంతపురం నుంచి వచ్చిన జియాలజిస్టు నేలలోకి ఇనుప చువ్వలు దిగ్గొట్టి, వైర్లు తగిలించి, మీటరు చూసి నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. మర్నాడు రిగ్గు వచ్చింది. 280 అడుగులకే రెండించుల నీళ్లు.

చిన్నాయన ఆ బురద నీళ్లే దోసిట్లో పట్టి నెత్తిన చల్లుకున్నాడు.

"చూసినావా అబ్బీ, నమ్మకమంటే అదీ!"